నాంచారమ్మ నోరు

నమోదు 212
సంతోష వాక్యం: ఈరోజు సముద్రం నీలంగా ఉంది.

సముద్రం నీలంగా ఉండక ఏం చేస్తుంది? కానీ ప్రతి నమోదునూ ఒక సంతోష వాక్యంతో మొదలుపెట్టాలని ఆరోగ్య సంఘం నియమం. ఆ వాక్యం లేకపోతే ఈ దినచర్య యంత్రం తరవాతి మాట ఎక్కించుకోదు. ఉంటే చాలు, కింద ఏం వాగినా దానికి పట్టదు. అది చదివేది ఆ ఒక్క వాక్యమే. పైవాళ్ళు చదివేదీ అంతే. అందుకే నా కడుపులో ఉన్నదంతా ఇక్కడే కక్కుతుంటాను.

నా పేరు కాజ మంగతాయారు. చర్మవ్యాధుల డాక్టర్ని. కొత్తబందరు తేలుడు పట్నంలో, ఏడో వరసలో నా ఉద్యోగం అద్దాలమ్మ మొహం తుడవడం. అద్దాలమ్మ అంటే మా వీధి గేటుకు బిగించిన నిలువుటద్దం. కాగితాల్లో దాని పేరు సమగ్ర ఆరోగ్య దర్పణం. అంత పేరు పలికే ఓపిక లేక జనం దాన్ని అమ్మవారిని చేశారు. దాని ముందు నిలబడి నవ్వితే అది మనిషిని ఆపాదమస్తకం చూసి, రోగముంటే చెప్పి, గేటు తెరుస్తుంది. కొళాయి దగ్గరికి పోవాలన్నా నవ్వాలి, బియ్యం తెచ్చుకోవాలన్నా నవ్వాలి, చావు కబురొచ్చి పడవెక్కాలన్నా నవ్వాలి. నీళ్ళ మీద తేలే ఊళ్ళో ఒకరి కోపం అందరి కొంపా ముంచుతుందట. గేటు మీద ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అని రంగుల్లో రాయించారు కూడా. ఉప్పుగాలికి అద్దం మసకబారితే తుడవడానికి ఒక డాక్టరు కావాలి కదా, అది నేను.

ఈ ఉదయం లంకే ఏడుకొండలు తన భార్య నాంచారమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఏడో వరసలో నాంచారమ్మను ఎరగనివాళ్ళు లేరు. రొయ్యపొట్టు అమ్ముతుంది. ఆవిడ నోరు విప్పితే కొళాయి దగ్గర బిందెలు వాటంతటవే వరసలో సర్దుకుంటాయని పేరు. గేటు దగ్గర అద్దం వైపు ఒక నవ్వు విసిరేసి, అటు దాటగానే తిట్లు లంకించుకునేది. అద్దాలమ్మకు నవ్వే కావాలి గానీ, ఆ తరవాత సంగతి దానికెందుకు?

“డాక్టరమ్మగారూ, ఇంట్లో తిట్లు లేవండి,” అన్నాడు ఏడుకొండలు.

“సంతోషించవయ్యా.”

“అట్టా అనకండమ్మా. పెళ్ళయిన కాడ్నించీ తిట్టకుండా కంచం పెట్టి ఎరగదు. ఇప్పుడు నోరు తెరుచుకోవట్లా. గమ్మున పెట్టి గమ్మున పోతంది. నాకు ముద్ద దిగట్లేదండి.” అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నాంచారమ్మ అతని వైపు చూసి ఏదో అంది. కోపంగానే అన్నదని కళ్ళను బట్టి తెలిసింది. మాట మాత్రం పెదాలు దాటలేదు. మొహం మీద ఒక్క గీత కదలలేదు.

అద్దాలమ్మ ముందు నిలబెట్టాను. “నవ్వండి తల్లీ, మీకే మంచిది,” అంది ఆ తేనెపూసిన గొంతు. నాంచారమ్మ నవ్వలేదు. నవ్వలేకపోయింది. అద్దాలమ్మ తీర్పు చెప్పింది: “చర్మం నిగనిగలాడుతోంది. పోషణ చాలా బాగుంది. మీరు ఆరోగ్యవంతులు. లోపం: అవిధేయత. ఉగాది మర్నాడు నవ్వుల బడికి హాజరు కావలెను.”

నవ్వుల బడి పట్నం దిగువ అంతస్తులో ఉంది. అక్కడ బుగ్గలకు క్లిప్పులు పెట్టి, పెదాలను చెవులదాకా లాగి, మనిషికి నవ్వడం అలవాటు చేస్తారు. మామూలు మొహాలే అక్కణ్ణించి వాచిపోయి వస్తాయి. ఈ మొహాన్ని లాగితే చిరిగిపోతుంది.

నమోదు 213
సంతోష వాక్యం: నా చేతివేళ్ళు పదీ ఇంకా పనిచేస్తున్నాయి.

ఈ కాలపు డాక్టర్లు రోగిని ముట్టుకోరు. చూడటానికి అద్దముండగా చేత్తో తడమడం అనాగరికం అని సంఘం తేల్చేసింది. చేతులు రోగుల మీద వెయ్యనని ప్రమాణం చేస్తేనే ఇప్పుడు పట్టా ఇస్తున్నారు. నేను అంతకుముందు చదివిన మొరటుదాన్ని. మా ఆరోగ్య కేంద్రం వెనక గదిలో తలుపేసి, నాంచారమ్మ నుదురు రెండు చేతులా పట్టుకున్నాను.

చర్మం కింద మైనం కరిగించి పోసినట్టుంది. నుదుటి మీద, చెవుల వెనక, ముంజేతుల మీద ఆవగింజలంతేసి పొక్కులు, గట్టిగా, మెరుస్తూ, ఎవరో కొలిచి పేర్చినట్టు వరసల్లో ఉన్నాయి. కనుబొమ్మల మధ్య మడతలు లావెక్కాయి. నోటిలో చిన్న చెంచా కూడా పట్టదు. వేళ్ళు పిడికిలి పడవు. వేలి కణుపు మీద చర్మం చుట్టూ ఉబ్బి, మధ్యలో గుంట పడింది. అచ్చం గారె. పాత పాఠాల్లో ఈ గుర్తుకు ఏదో దొరల పిండివంట పేరు పెట్టారు. నేను పరీక్షలో గారె అని చెప్తే మా ప్రొఫెసరు బయటికి పొమ్మన్నాడు.

“పెద్దరోగం కాదు గదమ్మా?” అని ఏడుకొండలు తలుపు అవతల్నించే అడిగాడు. ఇరుగూ పొరుగూ అప్పుడే ఆ మాట అనేశారట.

నాంచారమ్మను కళ్ళు మూసుకోమని, చేతి మీద సూదితో పొడిచాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే నన్ను కొట్టబోయింది.

“కాదయ్యా. పెద్దరోగమైతే, అదే కుష్టు అయితే, స్పర్శ పోతుంది. నీ పెళ్ళానికి స్పర్శ భేషుగ్గా ఉంది,” అన్నాను చెయ్యి తప్పించుకుంటూ.

నమోదు 215
సంతోష వాక్యం: మ్యూజియం బీరువా తాళం తేలిగ్గా వచ్చింది.

కేంద్రం ముందు గదిలో పాత మైక్రోస్కోపు ఒకటి అద్దాల బీరువాలో పెట్టారు, పక్కనే రుబ్బురోలు, ఇస్త్రీపెట్టె. ‘మన పూర్వీకుల వస్తువులు’ అని బోర్డు. పూర్వీకురాలినే గనక నేను తీసి వాడుకున్నాను.

నాంచారమ్మ ముంజేతి మీద మత్తు సూది వేసి, పెసరగింజంత చర్మం కోసి, నీలిరంగు వేసి చూశాను. చర్మపు పోగుల మధ్యన ఎక్కడ చూసినా నీలం. జిగురు. బెండకాయ కోస్తే వచ్చే బంకలాంటి జిగురు పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంది. థైరాయిడ్ మందగించినా జిగురు చేరుతుంది గానీ, ఆవిడ థైరాయిడ్ నిక్షేపంగా ఉంది. ఇక రక్తం సంగతి. అందులో ఒకే రకం ప్రొటీను కుప్పలు తెప్పలుగా ఉంది. అద్దాలమ్మ దాన్ని చూసే ‘పోషణ చాలా బాగుంది’ అని మెచ్చుకుంది. కొంప అంటుకుంటే వెలుతురు బాగుందన్నట్టు!

జబ్బు పేరు స్క్లెరోమిక్సిడిమా. పేరు పలకడానికే నోరు బాగా తిరగాలి, పాపం అది వచ్చినవాళ్ళకు నోరే తిరగదు. లక్షల మందిలో ఒకరికి వస్తుంది. వదిలేస్తే ఆ జిగురు చర్మంతో ఆగదు. మింగుడు పోతుంది, ఊపిరి బిగుస్తుంది, ఒకరోజు మెదడు మీద కొడుతుంది, మనిషి స్పృహ తప్పి ఇక లేవదు.

మందు లేకపోలేదు. వెయ్యిమంది దగ్గర రక్తం తీసి, అందులో తేటను వేరుచేసి, అందులోంచి రోగాలతో పోట్లాడే సరుకును వడగట్టి సీసాల్లో పోస్తారు. దాన్ని నెల నెలా నరంలోకి ఎక్కించాలి. ఒక్క మనిషి జబ్బుకు వెయ్యిమంది మనుషుల మందు. సంఘం గోదాములో సీసాలున్నాయి. సంఘం దయ ఉందో లేదో రేపు తెలుస్తుంది.

నమోదు 216
సంతోష వాక్యం: అధ్యక్షులవారి గది చల్లగా ఉంది.

ఆరోగ్య సంఘం అధ్యక్షులు డాక్టర్ గోళ్ళమూడి విద్యాధరరావుగారు. రోగిని ముట్టుకోకుండా పట్టా పుచ్చుకున్న మొదటి తరం. చేతులు చూస్తే పువ్వుల్లా ఉంటాయి.

“ఎంతమందికి ఉందండీ ఇది?” అన్నారు.

“ఒక్కరికి.”

“ఒక్కరికి ఉంటే జబ్బు కాదండీ మంగతాయారుగారూ. అలవాటు.”

“చర్మం చెక్కలా బిగుసుకుపోవడం అలవాటా సార్?”

“నిబంధన మీకు తెలియంది కాదు. నలభై మందికి వస్తే జబ్బు. అంతకు తక్కువైతే వ్యక్తిగత విషయం. వ్యక్తిగత విషయాలకు సంఘం సీసాలు ఇస్తే రేపు ఊరంతా వ్యక్తిగతంగా వస్తారు.”

“అయితే మిగతా ముప్పైతొమ్మిది మందికి వచ్చేదాకా ఆవిణ్ణి బతికుండమని చెప్పమంటారా?”

“వస్తే మాత్రం తప్పకుండా చూద్దాం,” అని అభయహస్తం చూపించారు. తరవాత ఏదో గుర్తొచ్చి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. “మీరు... ఆవిణ్ణి ముట్టుకున్నారా?”

“ముట్టుకున్నాను సార్. ఆ చేత్తోనే మీ బల్ల మీద చెయ్యి వేశాను.”

ఆయన గుమాస్తాను పిలిచి బల్ల కడిగించారు. నేను మెట్లు దిగుతుంటే ఒళ్ళంతా మండిపోయింది. అడుక్కునేవాడికి కూడా ఇంత మర్యాదగా లేదనరు. లేచి వచ్చేముందు నవ్వుల బడి మాట కూడా అడిగాను. ‘సాధన మంచిదే కదండీ’ అన్నారు.

నమోదు 221
సంతోష వాక్యం: ఉగాది పచ్చడిలో చేదు సరిగ్గా కుదిరింది.

పండగ పూట తలంటుకుందామని కూర్చున్నాను. నూనె కోటా అయిపోయింది, శనగపిండిలో పసుపు వేసి వట్టి నీళ్ళతోనే కలిపి నలుగు పెట్టుకున్నాను. మొహం నిండా దట్టించాక కొళాయి తిప్పితే గాలి బుస్సుమంది. నీళ్ళు ఎవడో కట్టేశాడు. అలాగే లేచి, చీర చుట్టుకుని, వీధి కొళాయి చూద్దామని గేటు దాకా పోయాను. ఆ ఉప్పుగాలికీ ఎండకూ నలుగు పెళుసుగా బిగిసింది.

అద్దాలమ్మ “నవ్వండి తల్లీ” అంది. నవ్వాను. లోపల నవ్వాను, పైన పిండి కదల్లేదు. మళ్ళీ నవ్వాను.

“ముఖ చర్మం గట్టిపడింది. రంగు మారింది. పొలుసులున్నాయి. తీవ్రమైన చర్మవ్యాధి అనుమానం. ఒకటవ కేసుగా నమోదు చేయడమైనది,” అంది అద్దాలమ్మ.

జబ్బున్న మొహం మెరుస్తోంది గనక అది ఆరోగ్యమట. పిండి పూసుకున్న మొహం జబ్బట! ఒక్క వేలు పెట్టి గీకితే రాలిపోయేదానికి, వేలు పెట్టేవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు.

ఒకటవ కేసు. ఇంకా ముప్పైతొమ్మిది కావాలి. నేను ఇంటికి తిరిగొచ్చి, మొహం కడక్కుండానే ఏడుకొండలికి కబురు పెట్టాను.

నమోదు 221, అదే రోజు
సంతోష వాక్యం: వరసలో శనగపిండికి కొదవ లేదు.

అదే రోజైనా కొత్త నమోదుకు నియమం మళ్ళీ మొదలు. సరే.

ఏడుకొండలు నోట్లో నాలుక లేని మనిషి. ఈ ఒక్కరోజు మాత్రం గడప గడపా ఎక్కి దిగాడు. “అమ్మా, రేప్పొద్దున మొహాన నలుగెట్టుకుని గేటు కాడికి రండమ్మా. నా పెళ్ళాం బతకాల,” అని చేతులు పట్టుకున్నాడు. వరసలో ఆడవాళ్ళు కొంగు నడుముకు చుట్టి, ఇంట్లో మగవాళ్ళకు కూడా పిండి పట్టించడానికి సిద్ధమయ్యారు. నాంచారమ్మ తిట్టని మనిషి ఏడో వరసలో లేరు. అయినా వస్తామన్నారు. “తిడితే తిట్టింది గానీ, మా పిల్లకి జొరమొస్తే మూడ్రోజులు మా ఇంట్లోనే కూచుంది. కూచుని మమ్మల్ని తిట్టింది,” అంది ఒకావిడ.

సాయంత్రానికి లెక్క చూస్తే ఒక్క మొహం తక్కువ పడింది. మిగిలిన గడప పామర్తి భ్రమరాంబది. కొళాయి దగ్గర ఎవరి బిందె ముందన్న విషయంలో ఆవిడకూ నాంచారమ్మకూ పూర్వజన్మ వైరం. ఏడుకొండలు ఆ గడప ఎక్కడానికి జంకాడు. నేనే వెళ్ళాను.

“దానికి నోరు పడిపోయిందని నేను కొబ్బరికాయ కొట్టాల్సిన మనిషిని,” అంది భ్రమరాంబ, చేటలో బియ్యం చెరుగుతూ.

“కొట్టావా?”

“కొట్టా. మర్నాడు కొళాయి కాడికి పోయా. నా బిందె ముందే ఉంది. ఎవురూ ఏం అన్లా. నీళ్ళు పట్టుకుని ఇంటికొచ్చా. ఏందో, పండగపూట పప్పు వండుకోనట్టు అయిపోయింది డాక్టరమ్మా.” చేట పక్కన పెట్టింది. “వస్తా. కానీ నోరు తెరుచుకోగానే మొదటి తిట్టు నాకే రావాల. అట్టా అని దానితో ఒట్టేయించండి.”

నాంచారమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడ బిగిసిన చేతిని ఎత్తి నా చేతిలో వేసింది. ఆ కళ్ళు చూస్తే భ్రమరాంబకు బాకీ బాగానే తీరేట్టుంది.

నమోదు 222
సంతోష వాక్యం: ఈరోజు ఊళ్ళో ఒక్కరూ నవ్వలేదు.

యంత్రం ఈ వాక్యం ఎలా ఒప్పుకుందో తెలియదు. ‘నవ్వు’ అన్న మాట కనబడగానే సంబరపడి ఉంటుంది.

పొద్దున్నే పసుపుపచ్చ మొహాలతో ఏడో వరస గేటు ముందు నిలబడింది. అద్దాలమ్మ ఒక్కొక్కరినే నవ్వమంది, ఒక్కొక్కరినే కేసు రాసుకుంది. భ్రమరాంబ ఆఖరున వచ్చింది. నలుగు ఎంత దట్టించిందంటే కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. “నలభయ్యవ కేసు. కోరం పూర్తయినది. ఇది జబ్బు,” అంది అద్దాలమ్మ, వెంటనే సైరన్ మోగించింది.

విద్యాధరరావుగారు పడవలో పరుగున వచ్చారు. ఒడ్డు మీదికి దిగకుండా పడవలోంచే దుర్భిణి పెట్టి చూశారు. మందీ మార్బలం ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే జాతి, ఎవరూ ఇదేమిటని అడగలేదు.

“నేను అప్పుడే అనుకున్నాను,” అన్నారు ఆయన మైకులో. “మొన్న మంగతాయారుగారు వచ్చినప్పుడే నాకు అనుమానం. దీనికి విద్యాధర జాడ్యం అని పేరు పెడుతున్నాం.”

“తగిన పేరు సార్,” అన్నాను. ఆయన థాంక్స్ చెప్పారు.

మందేమిటని అడిగారు. చెప్పాను. సంఘం నిలబడిన చోటే తీర్మానం చేసింది: నలభై మందికి నెల నెలా మందు, అయితే పొదుపు పాటించాలి కాబట్టి మనిషికి ఒక చిట్టి సీసా. ఆ చిట్టి సీసాతో నిజమైన రోగికి వేలు కూడా వంగదు. కానీ నలభై సీసాలూ ఒక్కచోట పోస్తే ఒక మనిషికి నెలకు సరిపడా మందు, తూచినట్టు.

జాబితా చదివారు. నాంచారమ్మ పేరు లేదు. నేను అడిగాను. గుమాస్తా కాగితాలు తిరగేసి, “ఆవిడ ఆరోగ్యవంతురాలు. అవిధేయురాలు. అద్దం ఒకసారి చెప్పాక మార్చడానికి లేదు,” అన్నాడు. ఊళ్ళో ఆ జబ్బు ఉన్న ఏకైక మనిషికి ఆ జబ్బు లేదు! నాకు నవ్వొచ్చింది గానీ పిండి అడ్డుపడింది.

ఒకటి మాత్రం మేలు జరిగింది. అంటుకుంటుందన్న భయంతో నవ్వుల బడి మాస్టర్లు బడికి తాళం వేసి పారిపోయారు. మా వరస గేటు తెరిచి పడేసి, ఎవరూ అటు పోవద్దన్నారు. ఇప్పుడు కొళాయికి పోవాలంటే నవ్వక్కర్లేదు. జనం నిమ్మళంగా, మామూలు మొహాలతో నీళ్ళు తెచ్చుకుంటున్నారు.

నమోదు 230
సంతోష వాక్యం: నరం మొదటి పోటుకే దొరికింది.

సీసాలు వచ్చాయి. ఒక్కొక్కరే కొంగు చాటున తెచ్చి వెనక గదిలో బల్ల మీద పెట్టి పోయారు, పెళ్ళివారింటికి పాలు తెచ్చినట్టు. ఏడుకొండలు సీసాలన్నీ మళ్ళీ మళ్ళీ సర్దాడు. నాంచారమ్మ చర్మంలో నరం వెతకడం ఇటుకలో నీళ్ళు వెతకడమే. దొరికాక నాకు దేవుడి మీద కాస్త నమ్మకం కుదిరింది.

నెమ్మదిగా, కొన్ని రోజులు వరసగా ఎక్కించాను. తలనొప్పి వచ్చింది, చలి వచ్చింది. ఆవిడ నా కేసి చూసిన చూపులు ఇక్కడ రాయదగ్గవి కావు.

నమోదు 259
సంతోష వాక్యం: రెండో విడత సీసాలు కూడా వచ్చాయి.

ఏమీ మారలేదు. గంజి కూడా గొట్టంతోనే. మొన్న ఒకసారి నీళ్ళు అడ్డుపడి ఉక్కిరిబిక్కిరైతే నేనూ ఏడుకొండలూ గంటసేపు ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాం. నాకు భయమేసింది. జబ్బు పేరు చెప్పగానే సగం గెలిచాననుకున్నాను. పేరు చెబితే తగ్గిపోయే జబ్బులు పురాణాల్లోనే ఉంటాయి.

నమోదు 291
సంతోష వాక్యం: గారె మెత్తబడింది.

కణుపు మీద గుంట ఇవాళ తడిమితే తేడా తెలిసింది. నుదుటి మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుంటే పైకి లేచింది! నాంచారమ్మ నోట్లోకి చెంచా వెళ్ళింది. ఏడుకొండలు గదిలోంచి బయటికి పోయి గోడకేసి తల ఆనించుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, రాయడానికి సిగ్గేం?

సాయంత్రం సంఘం తాఖీదు వచ్చింది. అధ్యక్షులవారు స్వయంగా తనిఖీకి వస్తారట. రోగులు అద్దం ముందు నవ్వగలిగితే నయమైనట్టు, సీసాలు ఆపేస్తారు. నవ్వలేకపోతే మందు పనిచేయనట్టు, సీసాలు ఆపేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాంచారమ్మకు ఇంకా చాలా నెలలు మందు పడాలి. ఆపితే జిగురు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

నమోదు 294
సంతోష వాక్యం: అధ్యక్షులవారి బూట్లు కొత్తవి.

ఇంతకంటే ఉపాయం తోచక, అందరం మళ్ళీ నలుగు పెట్టుకుని నిలబడ్డాం. నాంచారమ్మను ఇంట్లోనే ఉండమని బతిమాలి వచ్చాను.

విద్యాధరరావుగారు ఈసారి ఒడ్డు మీదికి దిగారు. పది బారల దూరంలో ఆగారు. “నవ్వండి,” అన్నారు. ఎవరూ కదల్లేదు. “ఊఁ, మందు పనిచెయ్యట్లేదన్నమాట,” అంటూ గుమాస్తా వైపు తిరిగారు.

అప్పుడు వినపడింది.

“ఏమేవ్ భ్రమరాంబా!”

వరసంతా ఉలిక్కిపడింది. నాంచారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కిటికీలోంచి కొళాయి చూసినట్టుంది. నోరు సగమే తెరుచుకుంటోంది, ఆ సగమే చాలు.

“నా నోరు మూతబడిందని నా బిందె ఎనక్కి నెట్టి నీ బిందె ముందు పెడతావంటే? నీ బిందె చిల్లులు పడ! మొహాన ఆ పిండేందే, బజ్జీ లెక్కన? నూనె కాగింది, ఎగిరి దూకుతావా? దూకవే, చట్నీ నే నూరతా!”

భ్రమరాంబ భుజాలు ఎగరడం మొదలుపెట్టాయి. పిండి కింద గుర్రుమంటోంది.

“ఎవరండీ ఆవిడ?” అన్నారు విద్యాధరరావుగారు. “పిండి అంటుందేమిటి?”

“ఆరోగ్యవంతురాలండీ. మీ కాగితాల్లోనే ఉంది. రోగుల్ని చూసి వెక్కిరిస్తోంది. అవిధేయురాలు కదండీ,” అన్నాను.

“ఓ, ఆవిడా,” అన్నారు.

“ఆ గళ్ళ కోటోడెవడే?” అంది నాంచారమ్మ గుమ్మంలోంచి. “ఉడకేసిన గుడ్డులాగా ఆ నునుపేంది! ఎండన పడి కందిపోతాడు, గొడుగు పట్టండే ఎవురన్నా!”

అంతే. భ్రమరాంబ పక్కున నవ్వేసింది. ఆవిడ మొహం మీద పిండి ఫెటిల్లున పగిలి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. పక్కావిడ, ఆ పక్కావిడ, ఏడుకొండలు, నేను, వరస వరసంతా పొట్టలు పట్టుకుని నవ్వాం. ఇన్నేళ్ళలో ఆ గేటు ముందు నిజమైన నవ్వు నవ్వింది ఈరోజే. పసుపు పెళ్ళలు ఎగిరి నేల మీద పడ్డాయి. ఒకటి అధ్యక్షులవారి కొత్త బూటు మీద వాలింది.

ఆయన బిగుసుకుపోయి దానికేసి చూశారు. ఇప్పుడు వంగి తీసి రెండు వేళ్ళ మధ్య నలిపితే మా పని అయిపోయినట్టే. శనగపిండి వాసన పసిపిల్లలు కూడా పోల్చుకుంటారు.

ఆయన కాలు విదిలించారు.

“చర్మం రాలుతోంది!” అని కేకేశారు. “చూశారా, పాత చర్మం రాలిపోయి కొత్త చర్మం వస్తోంది! విద్యాధర జాడ్యానికి విద్యాధర చికిత్స పనిచేస్తోంది! మధ్యలో ఆపితే చాలా ప్రమాదం. కొనసాగించండి. పూర్తిగా రాలేదాకా కొనసాగించండి!”

“ఎన్నాళ్ళు సార్?” అన్నాను, నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ.

“రాలుతున్నంత కాలం.”

శనగపిండి దొరుకుతున్నంత కాలం అని నేను మనసులో అనుకున్నాను. భ్రమరాంబ మాత్రం సగం పిండి మొహంతో వరసంతా తిరుగుతూ, “మొదటి తిట్టు నాదే, అందరూ విన్నారుగా,” అని సాక్ష్యాలు పోగుచేసుకుంటోంది.

నమోదు 322
సంతోష వాక్యం: ఈరోజు నాంచారమ్మ నన్ను తిట్టింది.

యంత్రం ఒప్పుకోలేదు. ‘తిట్టింది’ అన్న మాట తీసేసి మళ్ళీ రాయమంది. మళ్ళీ అదే రాశాను. ‘మీరు అలసిపోయారా?’ అంది. మళ్ళీ అదే రాశాను. కాసేపటికి దానికే విసుగొచ్చి ఎక్కించుకుంది.

ఈ నెల మందు ఎక్కించడానికి వాళ్ళ ఇంటికే వెళ్ళాను. నరం దొరక్క రెండుసార్లు పొడిస్తే, “నీ సూది ముక్కలవ్వ! డాక్టరువా, దోమవా?” అంది నాంచారమ్మ. ప్రతి అక్షరం తేటగా ఉంది. ‘ద’లూ ‘మ’లూ పలకాలంటే పెదాలూ నాలుకా బాగా కదలాలి. వైద్యం పరంగా చాలా మంచి గుర్తు. నాకు ఎంత సంతోషమేసిందంటే మూడోసారి కూడా తప్పుగా పొడిచాను.

మందు పడుతుండగానే, రెండో చేత్తో ఆవిడ మొగుడికి కంచం పెట్టింది. వేళ్ళు గరిటె పట్టుకున్నాయి. “కూచో. అట్టా గుడ్లప్పగించి చూస్తావేం, నీ మొహం మండ! చల్లారిపోతే నన్నంటావు. రొయ్యలు ఏరి పక్కన పెడితే చెయ్యిరుస్తా. తిను!”

ఏడుకొండలు తల వంచుకుని కలుపుకున్నాడు. కళ్ళనీళ్ళు కంచంలో పడుతున్నాయి. కంచం ఖాళీ చేసి, మళ్ళీ ఆవిడ ముందుకు జరిపాడు.

“ఇంకొంచెం పెట్టవే,” అన్నాడు.